అమ్మ కత్తిపీటకి ఇంట్లోనే పదును పెట్టాలి, సాన ఎలా తయారుచేసుకోవాలి?

గోదారి గట్టు (ప్రశ్న)

నమస్కారం అండీ. మాది తణుకు దగ్గర పల్లెటూరు. పెళ్ళయి హైదరాబాద్ వచ్చి 19 ఏళ్ళయింది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మ కత్తిపీట తెచ్చేసుకున్నాను. అమ్మకి మోకాళ్ళు వంగడం లేదు, కింద కూర్చుని తరగలేకపోతోంది. గట్టు దగ్గర నిలబడి చాకుతోనే కానిచ్చేస్తోంది. పీటని అటక ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు.

పీట టేకుది. పాదం ఆనించే చోట చెక్క కాస్త గుంటపడి నున్నగా మెరుస్తూ ఉంటుంది. అమ్మకంటే ముందు నాయనమ్మ వాడింది. కత్తి మా ఊరి కమ్మరి కొట్టినది, కొనకి కొబ్బరి కోరే పళ్ళ కోరాము ఉంది. పులుపు తగిలితే నల్లబడుతుంది, తుడవడం మరిచిపోతే మర్నాటికి తుప్పు.

ఇప్పుడు దానికి పదును లేదు. టమాటా తొక్క మీద జారిపోతోంది. తోటకూర కాడ తెగకుండా నలుగుతోంది. చిన్నప్పుడు సాన పట్టే ఆయన సైకిలు మీద వచ్చేవాడు, స్టాండు వేసి తొక్కితే చక్రం తిరిగేది, నిప్పురవ్వలు చూడ్డానికి పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్ళం. ఇక్కడ మా వీధిలోకి అలాంటివాళ్ళు ఎవరూ రావడం లేదు. పోయినేడు నాన్న కొబ్బరిబోండాల కత్తిని ఒక షాపులో ఇస్తే మోటారు మీద పట్టి ఇచ్చారు. తెచ్చిన రోజు బాగానే తెగింది. వారం తిరక్కుండా మొద్దుబారింది. అంచు వెంట నీలంగా చార ఒకటి కనిపిస్తోంది. అందుకే ఈ పీటని ఎవరి చేతికీ ఇవ్వబుద్ధి కావడం లేదు.

ఆన్‌లైన్‌లో ఒకటి కొన్నాను, కత్తిని సందులో పెట్టి లాగేది. చాకుకి పర్లేదు. పీట కత్తి లోపలికి వంపు తిరిగి ఉంటుంది కదా, సందులో సరిగ్గా కూర్చోదు. నా దగ్గర ఉన్నవి: మధ్యలో అరిగి గుంటపడిన కార్బోరండం రాయి, వంటగది కట్టినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క, మా ఆయన పాత తోలు బెల్టు. వీటితో నేనే ఏదన్నా చేసుకోగలనా? వంపు ఉన్న కత్తికి బల్లపరుపు రాయి ఎలా పనికొస్తుంది?

ఆరో అంతస్తు

అక్కా, ఇంట్లో ఆవకాయ జాడీ ఉంటే బోర్లించి చూడండి. అడుగున చుట్టూ పింగాణీ పూత లేని గరుకు అంచు ఉంటుంది. కాఫీ మగ్గుకి కూడా ఉంటుంది. దాని మీద చాకు నాలుగుసార్లు రుద్దితే ఆ పూటకి గడిచిపోతుంది, నేను అదే చేస్తాను. కత్తిపీటకి ఎలాగో తెలీదు.

పాడైన మిక్సీ ఒకటి ఉంది నా దగ్గర, మోటారు బాగానే ఉంది. దానికి 6 అంగుళాల సాన చక్రం బిగిస్తే ఇంట్లోనే మెషీను అయిపోతుంది కదా అనుకుంటున్నాను. ఎవరైనా చేశారా?

బాడిస

ముందు మిక్సీ సంగతి చెప్పాలి. బాబూ, ఆ పని చెయ్యొద్దు. మిక్సీ మోటారు ఒత్తిడి లేనప్పుడు నిమిషానికి 18,000 చుట్ల దాకా తిరుగుతుంది. వర్క్‌షాపుల్లో బల్లకి బిగించే గ్రైండరు తిరిగేది సుమారు 2,800 చుట్లే. ప్రతి చక్రం మీదా అది తట్టుకునే వేగం అచ్చువేసి ఉంటుంది, అది దాటితే చక్రం పగిలి ముక్కలు తూటాల్లా వస్తాయి. నువ్వు ఎదురుగానే కూర్చుంటావు. ఆ మోటారు ఇంకెందుకైనా వాడుకో.

జాడీ అడుగు సంగతి మాత్రం నిజం. పూత లేని కాల్చిన మట్టి ఉక్కుని గీస్తుంది.

అమ్మా, ఇప్పుడు మీ పీట. నేను సామర్లకోటలో 31 ఏళ్ళు వడ్రంగం చేశాను. రోజు మొదలయ్యేది ఉలి పదునుతోనే. పొద్దున్నే అరగంట నూరకుండా చెక్క ముట్టుకుంటే మా గురువుగారు పనిముట్టు లాక్కునేవారు. మీరు పీటని ఎవరికీ ఇవ్వకపోవడం మంచిదయింది. కమ్మరి కొట్టిన కత్తిలో ఉక్కు బాగుంటుంది, చాలామంది లారీ కమాను పట్టీలు తెచ్చి కొట్టేవారు. అలాంటి ఉక్కుకి పదును తేలిగ్గా వస్తుంది, వేడి తగిలితే అంతే తేలిగ్గా పోతుంది.

మీ నాన్నగారి కత్తికి జరిగింది అదే. ఉక్కు వేడెక్కేకొద్దీ రంగు తేలుతుంది. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, ఆ పైన నీలం. గడ్డి రంగు దగ్గర ఆపితే కత్తికి కావలసిన గట్టిదనం మిగులుతుంది. నీలం తేలిందంటే 300 డిగ్రీల దగ్గరికి వెళ్ళినట్టు. అక్కడ ఉక్కు మెత్తబడింది, ఎన్నిసార్లు నూరినా పదును నిలవదు. కత్తి మొత్తం పాడయిందని బెంగపడకండి. ఆ చార మేరకే చెడింది. చేత్తో, నీళ్ళు పోసుకుంటూ, నీలం పోయేదాకా అరగదీస్తే కింద మంచి ఉక్కు ఉంటుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతుంది, ఓపిక కావాలి. నా పదహారో ఏట అర అంగుళం ఉలి ఒకటి ఇలాగే మాడ్చేశాను. దాన్ని చేత్తో వెనక్కి తేవడానికి రెండు రోజులు పట్టింది. ఆ ఉలి ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

చేత్తో నూరితే వేడి రాదు. మనం ఇంట్లో చేసుకునే సాన అంతా ఈ ఒక్క ధీమా మీదే.

ఇక మీ ప్రశ్న. వంపు తిరిగిన కత్తికి బల్లపరుపు రాయి పనికిరాదు. రాయి రెండు చివర్లా తగులుతుంది, నడుమ తగలదు. లోపలికి వంగిన వాదరకి, అంటే పదును అంచుకి, బయటికి గుండ్రంగా ఉన్న సాన కావాలి. కొడవలికి కూడా అంతే. మీ ఇంట్లో అప్పడాల కర్ర ఉంటుంది కదా, పాతది ఒకటి తీయండి. అదే మీ సాన.

హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అని అడగండి. ఉప్పు కాగితం అంటే చెక్కకి వాడేది ఇస్తారు, అది నీళ్ళు తగిలితే ఊడిపోతుంది. నల్లగా ఉండే వాటర్ పేపరే కావాలి. 220, 400, 1000 నంబర్లు తలా ఒక షీటు. నంబరు పెరిగేకొద్దీ పొడి సన్నబడుతుంది. వాదర పెచ్చులు ఊడి ఉంటేనే 220 ముట్టుకోండి, మామూలుగా మొద్దుబారినదానికి 400 నుంచి మొదలుపెడితే చాలు.

ఆ నల్ల కాగితం మీద ఉన్న పొడి సిలికాన్ కార్బైడ్. మీ దగ్గరున్న రాయిలో ఉండేదీ అదే. దీని పేరు వెనక మన మాట ఒకటి ఉంది, చెప్పకుండా ఉండలేను. 1891లో అమెరికాలో అచెసన్ అనే ఆయన కరెంటు కొలిమిలో కృత్రిమ వజ్రం చెయ్యబోతే ఈ పదార్థం వచ్చింది. కార్బన్, కొరండం అనే గట్టి ఖనిజం కలిసి ఏర్పడిందనుకుని కార్బోరండం అని పేరు పెట్టాడు. ఆ కొరండం అన్న మాట మన వైపు నుంచి వెళ్ళిందే, మనం కురువిందం అంటాం, తమిళులు కురుందం అంటారు. ఖమ్మం జిల్లా నేలలో దొరుకుతుంది. కురువిందం పొడిని లక్కలో కలిపి సాన చక్రాలు చేసేవారు. షాపువాడు కార్బోరండం అని ఇంగ్లీషు మాటలా పలుకుతుంటే నాకు ఊళ్ళోవాణ్ణి పరాయి పేరుతో పిలిచినట్టే ఉంటుంది.

పని ఇలా చెయ్యండి. కాగితాన్ని కర్ర పొడవుకి కత్తిరించి ఒకే ఒక చుట్టు వచ్చేలా చుట్టండి. అంచు మీద అంచు పడకూడదు, పడితే ఆ మెట్టు వాదరకి తగిలి గంటు పెడుతుంది. అంచులు రెండూ పక్కపక్కన ఆనేలా చూసి ఫెవికాల్ పల్చగా రాసి, దారంతో చుట్టి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున్న దారం తీసేయండి. నూరేటప్పుడు నీటిలో ముంచొద్దు, తడి గుడ్డతో తుడిస్తే చాలు, లేకపోతే ఫెవికాల్ నానిపోతుంది. పిడి కోసం ఒక చివర నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీగా ఉంచుకోండి.

కత్తి పీటకి బోల్టుతో బిగించినదైతే విప్పి తీసేయండి. దిగ్గొట్టినదైతే పీటని పక్కకి పడుకోబెట్టండి, కత్తి నేలకి సమంగా పడుకుంటుంది. కత్తి కింద ఖాళీ లేకుండా చెక్క ముక్క దూర్చండి. వాదర మీకు అవతలి వైపు ఉండాలి. ఇది ముఖ్యం. వెన్ను, అంటే పదును లేని అంచు, మీ వైపు, వాదర అవతల. కర్రని వెన్ను వైపు నుంచి వాదర వైపు తోయాలి, తోస్తూనే పక్కకి జరుపుకుంటూ పోవాలి. వాదరకి ఎదురు ఎప్పుడూ రావద్దు. ఎదురొస్తే కాగితం చిరుగుతుంది, చెయ్యి జారితే వేళ్ళు దానికి ఎదురే ఉంటాయి. కోరాము పళ్ళకి పాత గుడ్డ నాలుగు మడతలు వేసి కట్టెయ్యండి. నేను చూసిన దెబ్బల్లో సగం వాదరవి కాదు, ఆ పళ్ళవే.

ఎంత వాలు అంటారు. కాగితం మూల 90 డిగ్రీలు. ఒకసారి మడిస్తే 45, ఇంకోసారి మడిస్తే 22న్నర. ఆ మడత మూలని కత్తి పక్కన నిలబెట్టి కర్ర దాదాపు ఆ వాలులో ఉండేలా చూసుకోండి. కూరగాయల కత్తికి అది సరిపోతుంది. కొలతకంటే ముఖ్యం, మొదటి తోపు నుంచి చివరి తోపు దాకా ఒకే వాలు. దీనికి ఒక చిట్కా ఉంది. మార్కరు పెన్నుతో వాదర వెంట నల్లగా పూసెయ్యండి. నాలుగు తోపులు తోసి చూడండి. నలుపు వాదర చివరిదాకా చెరిగితే వాలు సరిగ్గా ఉంది. వెనక మాత్రమే చెరిగి అంచున మిగిలితే కర్రని కాస్త లేపాలి. అంచు మాత్రమే చెరిగితే దించాలి. నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళు నెలరోజులు పట్టే ఈ సంగతిని మార్కరుతో ఒక పూటలో పట్టేశారు.

ఎప్పుడు ఆపాలి? ఒక వైపు నూరుతుంటే కాసేపటికి అవతలి వైపు అంచున సన్నని ఇనప పొర లేస్తుంది. కంటికి కనపడదు. బొటనవేలిని వెన్ను నుంచి అంచు అవతలికి అడ్డంగా జారిస్తే గరుగ్గా తగులుతుంది. అంచు వెంట పొడుగునా మాత్రం వేలు జార్చొద్దు. ఆ పొర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తగిలేంతవరకూ రెండో వైపు తిప్పకండి. చాలామంది ఇక్కడే తొందరపడి ఇటు పది, అటు పది రుద్దేస్తారు, పదును రాలేదంటారు. పొర లేచాక రెండో వైపు అంతే చెయ్యండి. తర్వాత 1000 కాగితంతో, చేతి బరువు మాత్రమే వేసి, అటొకటి ఇటొకటి. మీ కత్తి ఉలిలా ఒకే వైపు చెక్కి ఉంటే ఆ వైపే వాలులో నూరాలి, రెండో వైపు కర్రని కత్తికి పూర్తిగా ఆనించి పొర తీసేస్తే చాలు. ముందు వెలుతురులో పట్టుకుని చూసుకోండి.

గ్రానైట్ ముక్క పారెయ్యకండి. పాలిష్ ఉన్న వైపు అద్దంలా సమంగా ఉంటుంది. దాని మీద నీళ్ళు చిలకరించి వాటర్ పేపర్ పరిస్తే అతుక్కుపోతుంది, జిగురు అక్కర్లేదు. మామూలు చాకులకి అంతకుమించిన సాన లేదు. చాకు కత్తి వెడల్పు 40 మిల్లీమీటర్లు ఉంటే వెన్ను రాతి నుంచి 14 మిల్లీమీటర్లు లేస్తే 20 డిగ్రీల వాలు అవుతుంది. ఆ ఎత్తు చెక్క ముక్క ఒకటి చేసుకుని మొదట్లో దాన్ని చూసి అలవాటు చేసుకోండి. కొందరు కడప బండ మీద కత్తి నూరుతుంటారు. అది సున్నపురాయి, ఉక్కుకంటే మెత్తన, బండే అరుగుతుంది. కాగితం కింద వేసుకోడానికి మాత్రం బండైనా పర్లేదు.

గుంటపడిన మీ రాయిని కూడా ఇలాగే బాగుచెయ్యొచ్చు. రాయి మీద పెన్సిలుతో అడ్డగీతలు గీసి, గ్రానైట్ మీద 220 కాగితం పరిచి, నీళ్ళు పోస్తూ రుద్దండి. గీతలన్నీ చెరిగితే రాయి సమం అయినట్టు. కాగితాలు రెండు మూడు అరుగుతాయి, అది మామూలే.

తాటివనం

అక్కా, మాది భువనగిరి దిక్కు. మా తాత తాళ్ళెక్కెటోడు. గీత కత్తి ఎట్ల నూరెటోడో చిన్నప్పుడు రోజు చూసిన, గందుకే రాస్తున్న.

ఆయన దగ్గర రాయి లేకుండె. మూరెడు మెత్త కట్టె, పై మొఖం చదునుగ చెక్కి ఉండె. పలుగురాళ్ళు, గదే తెల్లగ మెరిసే రాళ్ళు, ఏరుకొచ్చి దంచి, పాత ధోవతి గుడ్డల జల్లించి మెత్తటి పొడి చేసెటోడు. కొబ్బరి చిప్పల పోసి పెట్టుకునెటోడు. కట్టె మీద చిటికెడు పొడి చల్లి, కత్తి ఆనిచ్చి గుంజుతుంటే సర్ సర్ మని చప్పుడు. పొడి కట్టెల దిగబడుతది, కట్టెనే రాయి అయితది. కట్టె మెత్తగుంటేనే గట్ల దిగుతది, గట్టి కట్టె మీద పొడి జారిపోతది.

తాటి గెలను ఎంత పల్చగ గీయాల్నంటే ఉల్లిపొర లెక్క లేవాలె. మొద్దు కత్తితోని గీస్తే గెల నలుగుతది, కల్లు ఊరదు. పొద్దుకు, మాపుకు రెండుసార్లు చెట్టెక్కాలె, ఎక్కే ముంగట నూరుడు తప్పదు. కత్తిని వెంట్రుకల మీద పెట్టి చూసెటోడు, చేతి మీద వెంట్రుకలు ఎగిరిపోతే గప్పుడే మోకు, గదే చెట్టెక్కే తాడు, భుజానేసుకునుడు.

మీ కత్తిపీటకు గూడ గుండ్రటి మెత్త కట్టె మీద పొడి చల్లి చేయొచ్చేమో. బాడిస పెద్దాయన చెప్పాలె.

బాడిస

చెయ్యొచ్చు నాయనా, మీ తాతగారి పద్ధతి ఎంతో బాగుంది. పలుగురాయి ఉక్కుకంటే గట్టిది. మీరు చెప్పినట్టు మెత్త కర్రలోనే పొడి నిలుస్తుంది. మేము కూడా ఉలి మీద చివరి మెరుపుకి మార్కాపురం పలక ముక్క మీద నీళ్ళు చుక్క వేసి తిప్పేవాళ్ళం, ఆ రాయి అంత సన్నం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. పలుగురాయి పొడిగా దంచితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది, తిరిగి రాదు. రాతి పనివాళ్ళకి వచ్చే జబ్బు దాంతోనే. దంచేటప్పుడు నీళ్ళు పోసి ముద్దగా దంచండి, ముద్దలాగే కర్రకి పులమండి. ఇంట్లో పిల్లలున్నచోట పొడిగా జల్లించొద్దు. ఊళ్ళో చెట్టు కింద కూర్చుని చేసిన పని వేరు, ఫ్లాట్‌లో చేసే పని వేరు.

అంగడివీధి

బెల్టు గురించి ఎవురూ చెప్పలేదు, నేను చెప్తా. మాది ప్రొద్దుటూరు. మా నాయన మంగలంగడి పెట్టుకోని 40 ఏండ్లు గడ్డాలు గీసినాడు. బ్లేడు మార్చే కత్తులు వచ్చేదాకా అంతా రేజరే.

రాయి ఎంత సన్నంగా ఉన్నా చివర ఆ పొర కొంచెం మిగులుతాది. దాన్ని తీసేది తోలు. అక్కా, బెల్టు లోపలి వైపు, ఆ గరుకు వైపు, పైకి వచ్చేటట్టు అప్పడాల కర్రకి చుట్టి చిన్న మేకులు కొట్టండి, మేకు తలలు కత్తికి తగలకుండా రెండు కొసల్లో మాత్రమే. బెల్టు నిజంగా తోలుదేనా చూసుకోండి. కొసన కత్తిరించి చూస్తే తోలైతే పీచు పీచుగా కనపడతాది, రెక్సినైతే గుడ్డ కనపడతాది. రెక్సిను పనికిరాదు.

పాలిష్ పనోళ్ళు వాడే పచ్చ సబ్బు కడ్డీ దొరుకుతాది, క్రోమియం ఆక్సైడ్ ఉంటాది దాంట్లో. తోలు మీద సుద్దముక్క మాదిరి గీసి, వెనక్కే లాగల్ల. వెన్ను ముందు పోవల్ల, వాదర వెనక రావల్ల. ముందుకు తోస్తే తోలు తెగిపోతాది. మా నాయన రేజరు తిప్పేటప్పుడు వెన్ను మీదనే దొర్లిస్తాండె, వాదర మీద దొర్లిస్తే అప్పటిదాకా చేసిందంతా పోతాది అనేటోడు. ఒక్కో వైపు 20 సార్లు చాలు. గట్టిగా అదిమితే తోలు లోపలికి దిగి వాదర చుట్టూ పైకి లేచి అంచును గుండ్రం చేస్తాది. చెయ్యి బరువు కూడా వెయ్యద్దండి, కత్తి బరువు చాలు.

సబ్బు దొరక్కపోతే ఒట్టి తోలుతోనైనా పని జరుగుతాది. నాయన చివర్లో అరచెయ్యి మీద కూడా రెండుసార్లు తిప్పేటోడు, అది మీరు చెయ్యద్దండి. పచ్చ సబ్బు పెట్టినాక కత్తిని సబ్బు నీళ్ళతో బాగా కడిగి కూరగాయలు కొయ్యల్ల.

ఇంగొకటి. రోజూ రాయి అక్కర్లేదు. వారానికి ఒకసారి తోలు మీద తిప్పుతా ఉంటే నెలల తరబడి రాయి మొఖం చూడక్కర్లేదు. కత్తి అరగదు, పది కాలాలు ఉంటాది.

గోదారి గట్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మొదలుపెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్తాను, నాలాంటి వాళ్ళకి పనికొస్తుంది.

కాగితం మొదటిసారి అంచు మీద అంచు పడేలా చుట్టేశాను, బాడిస గారు చెప్పినా. మెట్టు తగిలిన చోటల్లా వాదర మీద గీత పడింది. ఊడదీసి మళ్ళీ చుట్టాను. మా పీటకి కత్తి దిగ్గొట్టి ఉంది, కాబట్టి పక్కకి పడుకోబెట్టి కింద చపాతీ పీట పెట్టాను, ఎత్తు అచ్చం సరిపోయింది. కోరాముకి గుడ్డ కట్టాను.

మార్కరు పూసి చూస్తే అసలు సంగతి తెలిసింది. నలుపు పైభాగంలో చెరిగింది, పీట దగ్గర నాలుగు వేళ్ళ మేర అలాగే మిగిలిపోయింది. అమ్మ ఎప్పుడూ కాయని పట్టి తరిగేది ఆ కింది భాగంలోనే, అక్కడ అంచు బాగా గుండ్రబడిపోయింది. పైన ఎవరూ కొయ్యరు కాబట్టి ఉన్న పదును అలాగే ఉంది. ఆ నాలుగు వేళ్ళ మేరకే దాదాపు అరగంట పట్టింది. బొటనవేలికి ఆ పొర తగిలినప్పుడు ఒళ్ళు జలదరించింది. వెంట్రుకవాసి కూడా ఉండదు, అయినా చివరిదాకా ఒకే తీరుగా తగిలింది. రెండో వైపు పావుగంటలో అయిపోయింది. తర్వాత 1000, తర్వాత బెల్టు. బెల్టు తోలుదే అండీ, కత్తిరించి చూశాను. పచ్చ సబ్బు దొరకలేదు, ఒట్టి తోలుతోనే చేశాను.

మొదట పేపరు పట్టి చూశాను, చిరగలేదు, తెగింది. తర్వాత తోటకూర కట్ట. కాడలు అన్నీ ఒక గుప్పిట్లో పట్టి ఆనిస్తే చాలు, ఆకు నలగలేదు, చేతికి పసరు అంటలేదు. బల్ల మీద చాకుతో కోసినప్పుడు ఎప్పుడూ ఇలా లేదు. సాయంత్రం అమ్మకి వీడియో కాల్ చేసి బెండకాయలు తరుగుతూ మాట్లాడుతుంటే, ఫోను పక్కన పెట్టి ఉంది, కత్తి కనపడటం లేదు, అమ్మ మాట మధ్యలో ఆపేసి "పదును పెట్టించావా" అంది. చప్పుడు విని. నేనే పెట్టానని చెప్తే కాసేపు నమ్మలేదు. తర్వాత, తడి తుడిచి చుక్క నూనె రాయి, వానాకాలం మరీ జాగ్రత్త అంది. కొబ్బరినూనె రాసి పెట్టాను.

నాన్న కత్తి నీలం చార ఇంకా సగమే పోయింది. రోజుకి పావుగంట చొప్పున గ్రానైట్ మీద 220తో రుద్దుతున్నాను.

ఇంకొక్క ప్రశ్న. కోరాము పళ్ళు కూడా మొద్దుబారాయి, కొబ్బరి చెక్క మీద తేలిపోతోంది. వాటికి ఈ కాగితం పట్టదు కదా. ఏం చెయ్యను?

బాడిస

బాగా చేశారమ్మా. కింది నాలుగు వేళ్ళ సంగతి కనిపెట్టారు చూడండి, ఇక ఆ పీటకి పదును పెట్టడం మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కోరాముకి మూడు పలకల ఆకురాయి తీసుకోండి, రంపం పళ్ళకి మేము వాడేదే, చిన్న సైజు. పళ్ళ సందుల్లో పెట్టి ముందుకు మాత్రమే తోయండి, వెనక్కి లాగొద్దు, లాగితే ఆకురాయి పళ్ళు పోతాయి. ఒక్కో సందుకి మూడు నాలుగు తోపులు, అన్నిటికీ ఒకే లెక్క, లేకపోతే పళ్ళు ఎగుడుదిగుడు అవుతాయి. ఆకురాయి పట్టకుండా జారిపోతుంటే ఆ పళ్ళకి కమ్మరి గట్టి నీరు పట్టాడన్నమాట, అంటే కాల్చి ముంచి బాగా గట్టిపరిచాడు, అప్పుడు బలవంతం చెయ్యకండి. ఆ 400 కాగితాన్నే ఐస్‌క్రీమ్ పుల్ల అంచుకి మడిచి అంటించి, దాంతో సందులు తోముకోండి. ఆలస్యమైనా పని అవుతుంది. గుడ్డ చేతికి చుట్టుకోవడం మాత్రం మరవొద్దు.